కీస్టోన్‌లో రెండు రాత్రులు

1973వ సంవత్సరం జూలై 28వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ అనే చోట, కారు పందేల మైదానంలో, సుమారు ఆరు లక్షల మంది శ్రోతల సమక్షంలో మూడు బృందాలు కచేరీ చేశాయి. వానిలో ఒకటి గ్రేట్‌ఫుల్ డెడ్. అంతకు సరిగ్గా పదిహేడు రోజుల ముందు, ఆ బృందపు గిటారు వాద్యకారుడు జెర్రీ గార్సియా కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణంలో, బీరు అమ్ముకొనే ఒక చిన్న క్లబ్బులో, వేరొక చిన్న బృందంతో కూర్చొని వాయించుకొన్నాడు. ఆ క్లబ్బు పేరు కీస్టోన్. జూలై 10, 11 తేదీలలో అక్కడ జరిగిన కచేరీలే ఆ యేడే ‘లైవ్ ఎట్ కీస్టోన్’ అన్న పేరుతో జంట రికార్డుగా వెలువడ్డాయి. మొదటి కచేరీ జనసంఖ్య వలన చరిత్రకెక్కింది. రెండవది వినదగినది. ఈ రెంటిలో ఏది గొప్పదని ఎవరైనా నన్నడిగితే తడుముకోకుండా కీస్టోన్ అంటాను. ఎందుకంటానో విన్నవించుకోవడానికే ఈ నాలుగు మాటలూ.

‘జామ్ బ్యాండ్’ అన్న మాట మన మిత్రులలో కొందరికి కొత్త కావచ్చు. ఈ జామ్ రొట్టె మీద పూసుకొనేదీ కాదు, హైదరాబాదు కూడళ్ళలో మనల్ని నిలబెట్టేదీ కాదు. ఒక పాటను ఎత్తుకొని, దాని చరణాలు పాడి, ఆపైన ముందుగా అనుకోని దారిలో దానిని విస్తరించుకొంటూ పోయే వాద్యబృందానికి ఆ పేరు. 1990లలో గాని ఆ పేరు స్థిరపడలేదు; పని మాత్రం అంతకు చాలా ముందునుండే జరుగుతూ వచ్చింది. గార్సియాను ఆ సంప్రదాయానికి మూలపురుషులలో ఒకడుగా లెక్కిస్తారు.

కీస్టోన్‌లో గార్సియా ప్రక్కన ఉన్నవాడు మెర్ల్ సాండర్స్. 1934లో పుట్టిన నల్లజాతి సంగీతజ్ఞుడు, ఆర్గన్ వాద్యంలో దిట్ట, గార్సియాకంటే ఎనిమిదేండ్లు పెద్ద. గార్సియా బ్లూగ్రాస్ బాంజో మీద చేయి సాధించి వచ్చినవాడు. జాజ్ సంగీతంలోని పాత పాటలూ, వాటి స్వరమేళనల పోకడలూ అతనికి సాండర్స్ సాంగత్యంలోనే అబ్బాయి. జాన్ కాన్ బేస్ గిటారు, బిల్ విట్ డ్రమ్ములు. ఒక్క పాటలో డేవిడ్ గ్రిస్మన్ మాండలిన్. రికార్డు చేసినవారు బెట్టీ కాంటర్, రెక్స్ జాక్సన్. ఇందులో బెట్టీ కాంటర్ పేరు గుర్తుంచుకోదగినది. 1977లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన డెడ్ కచేరీని ఆమె పట్టిన టేపు తరువాతి కాలంలో అమెరికా జాతీయ ధ్వని సంపదల పట్టికలోకి ఎక్కింది.

ఈ రికార్డులోని పాటలలో అధికభాగం ఇతరులవి. బాబ్ డిలన్ పాటలు రెండు, 1972 నాటి జమైకా చలనచిత్రం కోసం జిమ్మీ క్లిఫ్ కట్టిన ‘ది హార్డర్ దే కమ్’, ఆర్థర్ క్రూడప్ 1946లో పాడిన ఒక బ్లూస్ పాట, 1937 నాటి రంగస్థల నాటకం కోసం రిచర్డ్ రాడ్జర్స్ కూర్చిన ‘మై ఫన్నీ వాలెంటైన్’. ఒక ఊరి సత్రంలో నాలుగు దిక్కులనుండి వచ్చిన బాటసారులు కలసి భోంచేసినట్లుంటుంది. డిలన్ పాట ‘పాజిటివ్లీ ఫోర్త్ స్ట్రీట్’ సంగతి చూడండి. 1965లో ఆయన పాడినప్పుడు అది పచ్చి దెప్పిపొడుపు. స్నేహితుడనిపించుకొన్నవాణ్ణి నిలబెట్టి కడిగివేయడం. గార్సియా దానిని సగానికి సగం నెమ్మది చేశాడా అన్నంత నిదానంగా పాడాడు. గొంతు గొప్పదేమీ కాదు, సన్నగా, కాస్త అలసటగా ఉంటుంది. మాటలు అవే. కాని నిష్ఠూరం కరిగి విచారం మిగిలింది. పాఠం మార్చకుండా రసం మార్చడం ఎట్లాగో అలంకారశాస్త్రం చదువుకొనే పిల్లలకు చెప్పవలసి వస్తే, నేను ఈ రెండు రికార్డులూ ప్రక్కప్రక్కన పెట్టి వినిపిస్తాను.

ఇక ‘వాలెంటైన్’. మూలంలో 36 ఆవర్తాల చిన్న పాట. మొదటి మూడు భాగాలకు ఎనిమిదేసి ఆవర్తాలు, చివరి భాగానికి మాత్రం నాలుగు అదనంగా కలిపి పన్నెండు. సీసపద్యం చివర గీతి తగిలించినపుడు ఊపిరి మరికాస్త నిలుపుకోవలసి వచ్చినట్లే ఇక్కడా. కీస్టోన్‌లో దీనికి మాటలు లేవు. వాద్యాలే సుమారు 18 నిమిషాలపాటు నడుస్తాయి. గార్సియా ఒక పదబంధాన్ని ఎత్తుకొని, అది తృప్తినివ్వక మరల మొదటినుండి చెప్పి, మూడవమారు చివరి స్వరం మార్చి, అక్కడినుండి దారి దొరకగా ముందుకు పోతాడు. సాండర్స్ తొందరపెట్టడు. పెద్దవాడు కదా, దారి తెలుసు. తెలిసి కూడా ముందు నడవకుండా వెనుకనే దీపం పట్టుకొని వచ్చేవాడిలాగా ఆర్గన్‌ను అణచి ఉంచుతాడు.

కర్ణాటక సంగీతం క్షుణ్ణంగా తెలిసిన నా మిత్రుడొకరు దీనిని విని, “ఇందులో సగం వెదుకులాటే గదయ్యా, దొరికినది మాత్రం అచ్చువేస్తే సరిపోయేది” అన్నారు. ఆ ఆక్షేపణను నేను తేలికగా త్రోసిపుచ్చను. మన విద్వాంసులు రాగానికీ తాళానికీ కట్టుబడి ఉంటూనే మనోధర్మంతో చేసే కల్పన ముందు ఈ తడుములాట కొందరికి శిల్పలోపంగా తోచడం సహజమే. కాని ఆయన అన్న మాటలోని రెండవ సగం నాకు మరొకదానిని స్ఫురింపజేసింది.

మనకూ ఆశువిద్య ఉన్నది. అవధానం మన జాతి సొత్తని చెప్పుకొంటాము. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసిన అవధానాలనుండి మనకు మిగిలినదేమిటి? పద్యాలు. దొరికినది మాత్రమే అచ్చయినది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని కాదన్నప్పుడు అవధాని ఎంతసేపు మౌనంగా ఉన్నాడు, ఏ మాట పెదవి దాకా వచ్చి వెనుదిరిగింది, అప్రస్తుత ప్రసంగి వేసిన చెణుకుకు నవ్వుతూనే ఏ పాదాన్ని లోపల అట్టే పట్టుకొన్నాడు, ఇవేవీ పుస్తకంలో లేవు. పద్యం చదివి, ఇది ఇంట్లో కూర్చొని వ్రాసిన పద్యంకంటే ఏ విధంగా భిన్నమని ఈనాటి విద్యార్థి అడిగితే చూపించడానికి మన చేతిలో ఆధారం లేదు. ఆ కాలంలో యంత్రాలు అందుబాటులో లేవు, సరే. యంత్రాలు ప్రతి జేబులోకీ వచ్చిన తరువాత కూడా మనం భద్రపరచేది శాలువలు కప్పే ఘట్టాన్నే. కీస్టోన్ రికార్డు వెదుకులాటను దాచుకొన్నది. అందుకే నాకు అది విలువైనది.

ఇందులో చిన్న గదికి ఉన్న పాత్రను తక్కువగా చూడరాదు. కొన్ని వందలమంది మాత్రమే పట్టే చోట, వారిలో పలువురు మళ్ళీ మళ్ళీ వచ్చేవారే అయినచోట, వాద్యకారుడు తప్పినా కొంప మునగదు. పరీక్ష లేని రోజున పిల్లవాడు నల్లబల్ల దగ్గరికి వచ్చి ఎంత ధైర్యంగా లెక్క చేస్తాడో నేను మూడు దశాబ్దాలు చూశాను. వాట్కిన్స్ గ్లెన్ కూడా దీనికి సాక్ష్యమే. అక్కడ డెడ్ వాయించినదానిలో రసజ్ఞులు ఎక్కువగా తలచుకొనేది అసలు కచేరీని కాదు. ముందురోజు ధ్వనిపరికరాలు సరిచూసుకొనే మిషతో ఆ బృందం అల్లుకొంటూ పోయిన ఆశుకల్పననే. 1999లో వచ్చిన ‘సో మెనీ రోడ్స్’ సంపుటంలో దానినే చేర్చారు. లెక్కలోకి రాని రోజు కదా! మరుసటి యేడు ఆ బృందం సుమారు 75 టన్నుల ధ్వనియంత్రాలను ఊరూరా మోసుకొని తిరిగింది. 1974 అక్టోబరుకల్లా అలసిపోయి కచేరీలు ఆపివేసింది. గార్సియా మాత్రం చిన్న క్లబ్బులను విడువలేదు. కీస్టోన్ 1984లో మూతపడింది.

1986 జూలైలో గార్సియా మధుమేహం ముదిరి కొన్ని రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. లేచిన తరువాత గిటారు మీద చేయి నడవలేదు. ప్రక్కన కూర్చొని, ఓపికగా, మొదటినుండి మళ్ళీ వాయింపించినవాడు సాండర్స్. ఇది తెలిసిన తరువాత ‘వాలెంటైన్’లో ఆర్గన్ అణగి ఉండటం వేరుగా వినిపిస్తుంది. గార్సియా 1995లోనూ సాండర్స్ 2008లోనూ కాలం చేశారు.

2012లో ఆ రెండు రాత్రుల సంగీతాన్ని నాలుగు సీడీలలో, వాయించిన క్రమంలోనే విడుదల చేశారు. అంతా కావాలనే పట్టుదల ఉన్నవారికి అది పండుగ. నేను మాత్రం 1973 నాటి జంట రికార్డునే ముందు వినమంటాను. వెదుకులాట ఉండాలన్నాను గాని, ప్రతి దగ్గునూ దాచాలనలేదు. ఎంపిక కూడా విద్యే.

మా అబ్బాయి ఫ్రీమాంట్‌లో ఉన్నరోజుల్లో ఈ రికార్డు మా ఇంటికి వచ్చింది. కొత్తగా వినేవారు ‘ది హార్డర్ దే కమ్’తో మొదలుపెట్టవచ్చు, కాలు దానంతట అదే కదులుతుంది. ‘వాలెంటైన్’ను రాత్రి భోజనాలయిన తరువాత, మధ్యలో లేవకుండా వినండి. ఇక ‘స్పేస్’ అని ఒక అంశమున్నది; దానికి బాణీ లేదు, పల్లవి లేదు, నలుగురూ శూన్యంలో చేతులు చాచినట్లుంటుంది. నాకు నచ్చింది. అది మ్రోగుతుండగా మా ఇంటావిడ వంటింటిలోనుండి “ఆ పెట్టె పాడయినట్టుంది, చూడండి” అన్నది. ఆమె అభిప్రాయం కూడా మిత్రుల పరిశీలనకు ఉండవలెనని ఇక్కడ వ్రాస్తున్నాను.