పన్ను లేని ఖాతా: రైతు చూడవలసినది గడువు

పోస్టాఫీసులో పన్ను లేని పొదుపు ఖాతా తెరవగోరు రైతు సోదరులు ఒక సంగతి గమనింపవలెను. వ్యవసాయాదాయముపై ఆదాయపు పన్ను ఎట్లును లేదు. కనుక సేద్యమే ఆధారమైనవారు పన్ను మినహాయింపు మాటకు మురియుటకంటె, సొమ్ము ఎప్పుడు చేతికి వచ్చునో అడుగుట మేలు.

పి.పి.ఎఫ్. ఖాతా గడువు 15 సంవత్సరములు. ఏటా 500 రూపాయలకు తగ్గకుండ, 1,50,000 రూపాయలకు మించకుండ కట్టవచ్చును. 7వ ఆర్థిక సంవత్సరము నుండి కొంత తీసుకొన వీలున్నది. అప్పు డిక్రీ క్రింద కోర్టు ఈ సొమ్మును జప్తు చేయజాలదు. బాకీలున్న రైతుకు ఇది చిన్న మేలు కాదు.

పదేండ్లలోపు ఆడపిల్ల ఉన్న ఇంట సుకన్య సమృద్ధి ఖాతా తగును. ఏటా 250 రూపాయలైనను చాలును. కాని పిల్లకు 18 ఏండ్లు నిండువరకో, 10వ తరగతి ముగియువరకో సాధారణముగా సొమ్ము తీయరాదు.

ఎరువులకు, కూలికి కావలసిన పెట్టుబడిని మాత్రము ఈ రెంటిలోను వేయవలదు. దానికి మామూలు సేవింగ్సు ఖాతాయే తగును.