ఒంటిచేతి పనివారు



మా బీర్కూరున నొక తల్లి మొన్న నన్ను పిలిచి, "అక్కా, పిల్లగాడు పట్నంల నౌకరి ఇడిచిపెట్టి ఇంటికొచ్చిండు. పొద్దంత కంప్యూటరు ముంగట కూసుంటుండు. సొంతంగ సాఫ్టువేరు చేస్తడంట. ఇగ పిల్లనెవరిస్తరు?" అని వాపోయినది. సంబంధముల సంగతి నేను చెప్పజాలను గాని, ఆ పని యెట్టిదో తెలియక యాక్షేపించుట తగదని తోచి, ఈ నెల యీ విషయమును చేపట్టితిని.

సాఫ్టువేరులలో కొన్ని యెక్కడనో దూరమున నున్న యంత్రములలో నుండి, ఇంటర్నెట్టు ద్వారా మనకు పని చేసిపెట్టును. డెస్క్‌టాప్ సాఫ్టువేరు అట్టిది కాదు; మన బల్లమీది కంప్యూటరులోనే కాపురముండును. ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. మనకిది సుఖమే, కష్టమంతయు చేసినవానిది. అత్తవారింటికి పంపిన పిల్లవలె నది వేయి యిండ్లకు పోవును. ఒక్కొక్క యింటి యాచార మొక్కొక్కటి. ఒకరిది పాత విండోసు, వేరొకరిది క్రొత్తది. ఇంకొకరి ప్రింటరు మొరాయించును. తన గదిలో చక్కగా నడచినది పరుల యింట నేల నిలిచిపోయెనో, ఆ యంత్రమును కంట జూడకయే కనిపెట్టవలెను. పెద్ద సంస్థలో వ్రాయువారు వేరు, పరీక్షించువారు వేరు, ఉత్తరములకు బదులిచ్చువారు వేరు. ఇచట వంటయు, వడ్డనయు, అంట్లు తోముటయు నొక్కరివే. ఈ మాట మనకు వివరింప బనిలేదు.

మరి యది కూడు పెట్టునా? అమెరికాలో ఐ.బి.ఎం. ఉద్యోగియైన జిమ్ నాఫ్ అను నాయన, చిరునామాలు మున్నగువాని పట్టికలుంచుటకు పీసీ-ఫైల్ అను సాఫ్టువేరు చేసి 1982లో పదిమందికి పంచెను. ఉపయోగపడినచో 10 డాలర్లు పంపుడని మాత్రము కోరెను. బలవంతము లేకయే డబ్బు పంపువారుందురని నమ్ముట వెఱ్ఱితనమని యాయన భార్య యన్నదట! ఇల్లు నడుపు స్త్రీకి ఆ సందేహము సహజమే. కాని సొమ్ము వచ్చినది. 1984లో నాయన ఉద్యోగమే మానుకొనెను. ముందు వాడిచూచి పిదప వెల యిచ్చు నీ పద్ధతికి షేర్‌వేర్ అని పేరు. అందరికి నట్లు కలిసిరాదు. ఆ తల్లితోను నామాటయే చెప్పితిని.

మన మంజీర బీదరు మీదుగా వచ్చు కన్నడసీమలో బరహ అను సాఫ్టువేరు ప్రసిద్ధము. శేషాద్రివాసు చంద్రశేఖరన్ గారు దానిని 1998లో వెలువరించిరి. కన్నడముతో బాటు తెలుగును దానితో వ్రాయవచ్చును. ఏండ్ల తరబడి యుచితముగ నిచ్చి, పిదప వెల పెట్టిరి. నాకందు దోషము తోపదు. పాలవానికి నెల తిరుగగనే లెక్క చూచి యిచ్చు మనము, ఇట్టివానికి మాత్రము దొంగ తాళము వెదకుట యేమి న్యాయము?

వెలయే కోరనివారును గలరు. తెలుగక్షరముతో యంత్రమునకు వచ్చిన చిక్కు చూడుడు. స్త్రీ యన్నది మన కంటికి నొక్క యక్షరము. కంప్యూటరునకో, సకారము, పొల్లు, తకారము, మరల పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి, ఈ యారును వరుసగా వచ్చిన యారు సంఖ్యలు. ఏ యొత్తు దేనిక్రింద నెంత దూరమున నిలువవలెనో ఫాంటు చేయువాడు గీచి, నియమములు వ్రాసి పెట్టవలెను.

పూర్వపు ఫాంటులలో నీ సంఖ్యలే సంస్థకొక తీరున నుండెడివి. మా చిన్నత్తగారు పాడిన బతుకమ్మ పాటలను మేమొక దుకాణమున టైపు చేయించి దాచితిమి. కొన్నేండ్లకు వేరొక కంప్యూటరులో తెరువగా, పాటలున్నచోట ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు! ఆ ఫాంటు తమవద్ద లేదనిరి. ఆమె అప్పటికే గతించినది.

1991 నుండి యూనికోడ్ అను నేర్పాటున తెలుగునకు స్థిరమైన సంఖ్యలు కలవు. ఫాంటు మారినను సంఖ్య మారదు, వ్రాత చెడదు. ఆ సంఖ్యలకు రూపమిచ్చినవారిలో కెనడా దేశమందలి తిరుమల కృష్ణదేశికాచార్యులు గారొకరు. వారు పద్యకవులు గూడ. తాము చేసిన ఫాంటులకు పోతన 2000, వేమన 2000 అని పేరిడిరి. భాగవతము చదువుకొన్న నాకు ఆ పేరు చూచినంతనే చుట్టమువలె తోచినది. ఉచితముగ నిచ్చుటయే గాక, జి.పి.ఎల్. అను అనుమతిపత్రముచే ఇతరులు దిద్దుకొనుటకును హక్కిచ్చిరి. ఒంటిచేతి పనివాడు చేయి దింపినచో నా సాఫ్టువేరు సాధారణముగ నంతటితో సరి. క్రొత్త విండోసు రాగా మూలబడును. ఇట్టి హక్కున్నదానిని వేరొకరు చేపట్టి బాగుచేయవచ్చును.

చిన్నత్తగారి పాటలను పోతన యక్షరములలో మరల టైపు చేయుచున్నాను. ఇరువది మూడైనవి. తక్కినవి నలిగిన కాగితములమీద, అక్కడక్కడ చరణములు లేక, మిగిలియున్నవి.