బూస్టర్ మారిస్తే బరువు పెంచవచ్చా?

మిరప కోతలు మొదలైతే పల్నాటి రోడ్ల మీద తెల్లవారకముందే పికప్ వ్యాన్లు బయలుదేరతాయి. వెనక తొట్టిలో ఇరవై, ఇరవై అయిదు మంది ఆడకూలీలు సద్ది క్యారియర్లు కాళ్ళ మధ్య పెట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడి పోతుంటారు. సాయంత్రం అదే బండి మిర్చి టిక్కీలు మోస్తుంది. బండి వయసెంత అని అడిగితే డ్రైవరు నవ్వుతాడు. "మా పెద్దమ్మాయి కంటే పెద్దదండీ" అంటాడు.

ఈ మధ్య అలాంటి ఒక పాత డీజిల్ పికప్పును బాగుచేస్తున్న షెడ్డులో మేము కొంతసేపు కూర్చున్నాం. బ్రేకు మరీ గట్టిగా ఉంది, డ్రైవరు సీటు మీంచి లేచి తొక్కాల్సి వస్తోంది, కనుక పెద్ద బూస్టర్ వేయమని యజమాని అడుగుతున్నాడు. అంతవరకు న్యాయమైన కోరికే. కాని వెంటనే మరో మాట అన్నాడు: "పెద్దది పడితే ఇంకో పది మందిని ఎక్కించుకోవచ్చు గదా!" ఈ రెండో మాట గురించే మేము రాస్తున్నాం. ఎందుకంటే ఇది ఆ ఒక్క యజమాని మాట కాదు, చాలామంది నమ్మకం.

బూస్టర్ అనేది బోనెట్ ఎత్తితే బ్రేకు పెడలుకూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య మూతపెట్టిన గిన్నెలా కనిపించే నల్లని డబ్బా. లోపల ఒక రబ్బరు పొర దాన్ని రెండు గదులు చేస్తుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆ గదుల్లోని గాలిని లాగేస్తూ ఉంటారు. డ్రైవరు పెడలు తొక్కగానే వెనక గదిలోకి బయటిగాలి దూరుతుంది, ముందు గది ఖాళీగానే ఉంటుంది. దాంతో గాలే ఆ పొరను ముందుకు నెడుతుంది. 9 అంగుళాల డబ్బా వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. అందులో నూటికి డెబ్బై వంతులు పనిచేసినా 280 కిలోల పైచిలుకు తోపు డ్రైవరు కాలికి తోడవుతుందన్నమాట. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ దీన్ని కనిపెట్టింది 1927లో. వందేళ్ళు కావస్తున్నా మన కూలీలెక్కే బండ్లలో ఇది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసేవాడు లేడు!

డీజిల్ బండికి ఇంకో చిక్కుంది. పెట్రోలు ఇంజను తాను పీల్చే గాలితోనే ఈ ఖాళీని పుట్టిస్తుంది. డీజిల్ ఇంజనుకు ఆ గుణం లేదు కాబట్టి వేరే వాక్యూమ్ పంపు కావాలి. చాలా పాత పికప్పుల్లో ఈ పంపు డైనమో వెనకనే బిగించి ఉంటుంది. బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగూ పోతుంది, బ్రేకుకు సాయమూ పోతుంది. ఎర్రలైటు వెలిగినా "బ్యాటరీ లైటే లే" అని పోనిచ్చే డ్రైవరుకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా? పంపు అరిగిపోయిన బండికి ఎంత పెద్ద బూస్టర్ వేసినా ఖాళీ డబ్బా బిగించినట్టే.

అయితే బూస్టర్ మార్చడం వృథా అని మా వాదన కాదు. పాత చిన్న డబ్బా తీసి రెండు పొరల డబ్బా వేస్తే తేడా నిజంగానే ఉంటుంది. 8 అంగుళాల డబ్బాలో రెండు పొరలుంటే, ఒకే పొర ఉన్న 9 అంగుళాల దానికన్నా ఒకటిన్నర రెట్లు తోపు వస్తుంది. పొద్దస్తమానం బండి నడిపే డ్రైవరు మోకాలికి అది పెద్ద ఉపశమనం. కాని పాతసామాన్ల కొట్లో దొరికిన ఏదో ఒక డబ్బా తెచ్చి బోల్టులు బిగిస్తే సరిపోదు. బూస్టర్‌నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి పోయే కడ్డీ కొంచెం పొడుగైతే బ్రేకులు పూర్తిగా వదలక పట్టుకునే ఉండి డ్రమ్ములు కాలిపోతాయి. పొట్టిదైతే పెడలు సగం దిగేదాకా బ్రేకు పడదు. మాస్టర్ సిలిండర్ గొట్టం లావైతే పెడలు గట్టిపడుతుంది, సన్నమైతే లోతుకు దిగుతుంది. అసలు బూస్టరే లేని బండికి కొత్తగా వేస్తే పెడలు మీట కొలత కూడా మారాలి. లేకపోతే కాలు ఆనించగానే చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. అదే బండికి తర్వాతి ఏళ్ళలో కంపెనీయే బిగించిన బూస్టర్, మాస్టర్ సిలిండర్ జతగా తెచ్చి వేయడం మేలు. కంపెనీ కొలతలకు విరుద్ధంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పుకోదు.

ఇప్పుడు ఆ పది మంది సంగతి. బూస్టర్ తగ్గించేది కాలి శ్రమనే. బండిని ఆపేది డ్రమ్ముకు ఒరుసుకునే లైనింగు, రోడ్డును పట్టుకునే టైరు. బండి పరుగంతా అక్కడ వేడిగా మారాలి. మనిషికి 50 కిలోలు వేసుకున్నా ఇరవై అయిదు మంది అంటే పన్నెండున్నర క్వింటాళ్ళు. అంటే బండి మోయగలిగినంతా అప్పటికే ఎక్కింది. ఇంకో పది మందంటే మరో అయిదు క్వింటాళ్ళు. ఆ పైన డ్రైవరు 40 మీద పోయేవాడు 60కి పెంచితే అణచాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది. డ్రమ్ము మాత్రం అదే డ్రమ్ము. వేడెక్కిన లైనింగు పట్టు వదిలేస్తుంది. అప్పుడు బూస్టర్ ఎంత తోసినా ఏం లాభం?

కర్నూలు పడమటి మండలాలనుంచి గుంటూరు వైపు వలస వచ్చే బండ్లు ఆత్మకూరు, దోర్నాల మధ్య నల్లమల ఘాట్ దిగాలి. దిగుడులో డీజిల్ కలిసొస్తుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో వదిలే అలవాటు కొందరికుంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. డబ్బాలో మిగిలిన ఖాళీ ఒకటి రెండుసార్లు తొక్కేసరికి అయిపోతుంది. మూడోసారి పెడలు రాయి. కిరాయి బేరంలో డీజిల్ ఖర్చు డ్రైవరు నెత్తిన వేసిన యజమానికి ఇందులో భాగం లేదా?

సరుకు బండిలో మనుషులను ఎక్కించడమే తప్పు గదా అని ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళు అంటారు. తప్పే. తెల్లవారుజామున చేలగట్టు దాకా వచ్చే బస్సేదో వాళ్ళే చూపించాలి. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో మిరప ఏరడానికి పోతున్న కూలీల ట్రాక్టరు కాలవలో పడి తొమ్మిది మంది చనిపోయారు. దానికి బ్రేకు కారణమని మేము అనడం లేదు. కూలికి పోవడానికి సరుకు బండే దిక్కవుతోందని అంటున్నాం. ఇక పరిహారం మాట. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు యజమాని మీద పడుతుంది. వసూలు చేసుకుందామంటే ఆయన దగ్గరుండేది ఆ పాత బండే.

అందుకే బండి ఎక్కే ముందు ముఠా మేస్త్రి గాని, కూలి సంఘం కార్యకర్త గాని ఒక్క నిమిషం బ్రేకు చూపించమనాలి. ఇంజను ఆపి పెడలును అయిదారుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజను స్టార్టు చేయాలి. పెడలు కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే ఆ బండి ఎక్కవద్దు. నొక్కి ఉంచిన కొద్దీ మెల్లగా నేలదాకా పోతుంటే నూనె కారుతోందన్నమాట, అదింకా ప్రమాదం. "నీకెందుకమ్మా ఇవన్నీ" అని డ్రైవరు విసుక్కోవచ్చు. తొట్టిలో నిలబడేది తామేనని చెప్పాలి. ఈ రిపేరు పేరుతో తలా పది రూపాయలు కూలిలో కోస్తే ఊరుకోవద్దు. కిరాయి తీసుకునేవాడిదే ఆ ఖర్చు.

షెడ్డులో ఆ రోజు ఏం తేలిందో చెప్పలేదు. మెకానిక్ ముందు గొట్టం ఊడదీశాడు. అసలు వాక్యూమ్ గొట్టం ఎప్పుడో పోతే ఎవరో నీళ్ళ పైపు ముక్క తొడిగారు. ఇంజను లాగినప్పుడల్లా అది నొక్కుకుపోతోంది. సరైన గొట్టం, గాలిని వెనక్కి రానివ్వని చిన్న వాల్వు వేయగానే పెడలు మెత్తబడింది. పాత బూస్టరే నిక్షేపంలా ఉంది. తర్వాత వెనక డ్రమ్ములు విప్పితే లైనింగు రివెట్ల దాకా అరిగి ఉంది, వీల్ సిలిండర్ చెమ్మగిల్లింది. "పెద్ద డబ్బాకు పెట్టే డబ్బు వీటికి పెట్టండి సార్" అన్నాడు మెకానిక్. యజమాని ముఖం చిట్లించాడు. లైనింగు మార్చడానికి ఒప్పుకున్నాడు. మనుషుల లెక్క గురించి మాత్రం మేము వచ్చేసేదాకా మాట్లాడలేదు.