సదరం కాగితమంటే సిగ్గెందుకు?



గత నెల ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి అయిదేళ్ల కుమారుని చెయ్యి పట్టుకొని మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, పట్నంలో థెరపీ మాన్పించేశామండి. ఇక మావల్ల కాదు" అన్నది. బిడ్డకు ఆటిజం. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. గిన్నె మూత దొరికితే గంటసేపు తిప్పుతూ కూర్చుంటాడు. వారానికి మూడు రోజులు కూలి పోగొట్టుకొని, బస్సెక్కి, ఎనిమిది నెలలు తిప్పారు. ఆమె చెవి కమ్మలు తాకట్టులో ఉన్నవి.

మొదట మా తప్పు ఒప్పుకొనవలెను. వాడికి మూడేళ్లప్పుడు నూనె రాసి ప్రార్థించి, "మగపిల్లలకు మాటలు ఆలస్యమమ్మా, భయపడకు" అని పంపించినది మేమే. ప్రార్థించుట తప్పు కాదు. డాక్టరుకు చూపించమని చెప్పకపోవుట తప్పు. ఊళ్లో కొందరైతే తల్లి పాపమన్నారు, దయ్యమన్నారు. పుట్టు గ్రుడ్డివాని గురించి శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఏమి చెప్పెనో, యోహాను 9వ అధ్యాయం చదివినవారు అలా అనలేరు.

ఈ థెరపీ మాత్ర కాదు, సూది కాదు. గ్లాసు పట్టుకొని నీళ్లు త్రాగడమనే ఒక్క పనినే చిన్న చిన్న మెట్లుగా విడదీసి, మెట్టు మెట్టుకూ బిడ్డను మెచ్చుకొంటూ, మళ్లీ మళ్లీ చేయించడం. సంవత్సరాలు పడుతుంది. మామూలు ఆరోగ్య బీమాలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరిన రోగికే డబ్బిస్తాయి గనుక, ఈ ఖర్చంతా కన్నవారి నెత్తినే పడుతుంది.

అయితే దారి బొత్తిగా లేకపోలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం క్రింద 'నిరామయ' అనే బీమా ఉన్నది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు గలవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు. రుసుము దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవారికి 250 రూపాయలు, మిగతావారికి 500. ఏటా పునరుద్ధరించుకోవాలి. థెరపీకీ ఇస్తారు గాని, ఆ లక్షలో దాని వంతు చిన్నది, ఏడాది ఖర్చుకు చాలదు. పైగా ముందు మనం ఖర్చుపెట్టి బిల్లులు పంపితేనే తిరిగి వస్తుంది. కాబట్టి ప్రతి రసీదూ బైబిలులో పెట్టినంత భద్రంగా దాచండి.

జిల్లా ఆసుపత్రులలో పిల్లల కొరకు డి.ఇ.ఐ.సి. అనే సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నవి. అక్కడ ఉచితం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుండి ఉన్న జాతీయ సంస్థలో, ఇంటి దగ్గర బిడ్డతో ఏమి చేయించాలో తల్లిదండ్రులకు నేర్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 6,000 రూపాయలైంది. బస్సు ఖర్చుకైనా అక్కరకొస్తుంది గదా!

బీమాకైనా పింఛనుకైనా వైకల్య ధ్రువపత్రం కావాలి. మన ఊళ్లలో సదరం సర్టిఫికెట్ అంటాము. 2016 చట్టం 21 వైకల్యాలలో ఆటిజమును చేర్చింది. 40 శాతం వైకల్యముంటే పింఛనుకు అడుగవచ్చు.

ఆ బిడ్డ తండ్రి ఇక్కడే ఆగిపోయాడు. "పెద్దపిల్లకు రేపు సంబంధాలు చూడాలి అయ్యగారూ. కాగితం మీద రాయించుకుంటే మాకెవరు ఇస్తారు?" అన్నాడు. ఆ మాట తేలికగా తీసివేయదగినది కాదు. ఆడపిల్లల తండ్రులుగా మాకూ తెలుసు. రెండు సాయంత్రాలు వారి అరుగు మీద కూర్చున్నాము. చివరికి, "తమ్ముడూ, నీ కొడుకు సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిది ప్రభుత్వానికి ఒక్కదానికే" అన్నాము. అతడు నవ్వలేదు, జవాబూ చెప్పలేదు.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి, కప్పు విప్పి దించారు. ఆ యింటివాడు ఏమన్నాడో వ్రాయబడలేదు! మా సంఘంలోనూ నలుగురు కుదిరారు. ఫారాలు నింపడానికి ఒక టీచరుగారు, బస్టాండు వరకు దింపడానికి ఆటో నడిపే సహోదరుడు, ఆ రోజు కూలి బదులు ఇవ్వడానికి స్త్రీల సమాజం తరపున ఇద్దరు.

మొన్న బుధవారం మీసేవ కుర్రవాడు ఎదురుపడి చెప్పాడు. ఆ తండ్రి ఎవరికీ చెప్పకుండా ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తెచ్చి, సదరం స్లాటు ఎప్పుడు తెరుస్తారని అడిగి వెళ్లాడట.