ఉప్పెన వచ్చాక స్తంభం నాటలేం

1977 నవంబరు 19. దివిసీమ వాసులకు ఈ తేదీ చెబితే చాలు, ఇక వివరించనక్కరలేదు. ఆనాడు సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. టెలిఫోను తీగలు తెగాయి, స్తంభాలు ఒరిగాయి, రోడ్లు కొట్టుకుపోయాయి. ఇక్కడ ఎంత ఘోరం జరిగిందో బయటి లోకానికి వెంటనే తెలియలేదు. పోయినవారు పోగా, బతికి బయటపడినవారు గుక్కెడు మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. సహాయం చేసే చేతులు లేకపోలేదు. ఆ చేతులకు కబురే ఆలస్యంగా అందింది.

ఇప్పుడు ప్రతి జేబులోనూ సెల్‌ఫోను ఉంది గదా, ఆనాటి భయమెందుకని అడిగేవారున్నారు. వారు 2014 అక్టోబరు 12ను గుర్తుచేసుకోవాలి. ఆ రోజు హుద్‌హుద్ తుపాను తాకిడికి విశాఖపట్నం వంటి మహానగరంలోనే ఫోన్లు మూగబోయాయి. సెల్ టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే డీజిల్ కావాలి. టవరు నుంచి ఎక్స్ఛేంజీ దాకా కేబుల్ చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మన చేతిలోని ఫోను ఉత్త పలకే.

ఇటువంటి వేళ పనికివచ్చే సాధనం ఒకటుంది. అదే హామ్ రేడియో. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా సొంత వైర్లెస్ సెట్టుతో మాట్లాడుకునేవారిని హామ్‌లంటారు. మన దేశంలో వారి పిలుపు గుర్తులు ఎక్కువగా వియు2, వియు3 అక్షరాలతో మొదలవుతాయి.

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ దీవులకు వెళ్లింది. ప్రపంచంలోని తోటి హామ్‌లతో మాట్లాడాలన్నదే వారి ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పనిచేయని ఆ గంటల్లో పోర్టుబ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేసినది ఆ బృందం సెట్టే. సరదా కోసం కట్టిన తీగ ప్రాణావసరానికి అక్కరకు వచ్చింది. వచ్చిన తరువాత కట్టింది కాదు, ముందే కట్టి ఉన్నది. మనం నేర్వవలసిన పాఠం ఇదే.

దీనికి కోట్ల రూపాయల టవర్లు కావాలేమోనని భయపడనక్కరలేదు. ఒక సెట్టు, ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఒక ఏరియల్ ఉంటే స్టేషను సిద్ధమైనట్టే. నూరు వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు సుమారు 20 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. వినేటప్పుడు తీసుకునేది బహుస్వల్పం. ట్రాక్టరు బ్యాటరీతో పని జరుగుతుంది. సోలారు పలక తోడుంటే కరెంటు ఎన్నాళ్లు రాకపోయినా బెంగ లేదు.

ఏరియల్ లెక్క కూడా మన పిల్లలు చేయగలిగినదే. 143ను మెగాహెర్ట్జుల సంఖ్యతో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జులకు సుమారు 20 మీటర్లు. ఆ రాగి తీగను మధ్యకు తెంచి, పదేసి మీటర్ల రెండు రెక్కలుగా చేసి, చివరలకు పింగాణీ ఇన్సులేటర్లు తగిలించి, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టవచ్చు. నడుమ నుంచి కేబుల్ కిందికి దిగి సెట్టుకు చేరుతుంది. ఈ తీగ మరీ ఎత్తున ఉండనక్కరలేదు. ఏడెనిమిది మీటర్ల ఎత్తున ఉంటే తరంగాలు నిటారుగా పైకి వెళ్లి, ఆకాశంలోని విద్యుత్ పొరను తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతాయి. పగటిపూట ఇక్కడి మాట హైదరాబాదుకు వినిపించడానికి అది చాలు. గాలికి చెట్టు కూలినా, మరో చెట్టుకు తీగ కట్టుకోవడం అరగంట పని.

ఊరికీ ఊరికీ మధ్య మాట్లాడుకోవడానికి 144 నుంచి 146 మెగాహెర్ట్జుల చిన్న చేతి సెట్లున్నాయి. వీటికి మాత్రం ఎత్తే ప్రాణం. ఏరియల్ 10 మీటర్ల ఎత్తున ఉంటే చూపు 13 కిలోమీటర్లు, 30 మీటర్ల ఎత్తున ఉంటే 22 కిలోమీటర్లు పోతుంది. అందుకే స్తంభం కావాలి. తుపాను ఆశ్రయ భవనాల డాబాల కన్నా దీనికి అనువైన చోటేది?

స్తంభం నాటడం మనకు కొత్త కాదు. ఒకప్పుడు దూరదర్శన్ కోసం ఇంటింటా పైపు నిలబెట్టి, ఏరియల్‌ను అటూ ఇటూ తిప్పినవాళ్లమే. ఆ రోజుల్లో చేసిన పొరపాట్లు మళ్లీ చేయరాదు. స్తంభానికి మూడు దిక్కులా స్టే తీగలుండాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కనుక జింకు పూత పూసిన పైపు, తీగలు వాడాలి. పిడుగు పడితే భూమిలోకి దిగేలా ఎర్తింగు ఉండాలి. మబ్బు పట్టగానే కేబుల్ సెట్టు నుంచి విడదీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, స్తంభం ఏ వైపు పడినా కరెంటు తీగలను తాకనంత దూరంలో ఉండాలి. ఈ ఒక్క నియమం మరిస్తే రక్షణ కోసం నిలిపినదే ప్రాణాలు తీస్తుంది.

ఈ విలేకరి తీరాన ఒక ఆశ్రయ భవనం చూశాడు. డాబా మీద ఏనాడో నిలిపిన పైపు ఉంది. స్టే తీగలు రెండే ఉన్నాయి. మూడోదాన్ని ఎవరో బట్టలు ఆరేసుకోవడానికి విప్పుకుపోయారట. సెట్టు ఏదని అడిగితే బీరువాలో ఉందన్నారు. తాళం ఎవరి దగ్గరుందో అక్కడివారు చెప్పలేకపోయారు. తప్పు అధికారులదే అనడం సులువు. తీగ విప్పుకుపోయినది అధికారులు కాదు గదా!

సెట్టు కొని బీరువాలో పెట్టినంత మాత్రాన ఊరు గట్టెక్కదు. ప్రభుత్వం తీర మండలాల్లో మండలానికొక ఉన్నత పాఠశాలనైనా ఎంచుకొని హామ్ స్టేషను నెలకొల్పాలి. సైన్సు మాస్టార్లకు, ఆసక్తిగల యువకులకు, యువతులకు శిక్షణ ఇప్పించి, లైసెన్సు పరీక్షకు పంపాలి. 1978 నాటి నిబంధనలే పన్నెండేళ్లు నిండినవారికి ఈ తలుపు తెరిచాయి. లైసెన్సు లేనివారు సెట్టులో మాట్లాడరాదు గనుక ఆపద వచ్చాక మనిషిని వెతుక్కోవడం కుదరదు. వారానికొకసారి మండలానికీ మండలానికీ మాట కలిపి చూసుకోవాలి. మే నెలకు ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు ఒకసారి స్తంభం, తీగలు, బ్యాటరీ తనిఖీ చేసి, ఆ వివరం పంచాయతీ బోర్డు మీద రాయాలి.

అధికారులకు శాటిలైటు ఫోన్లున్నాయి, పోలీసులకు వైర్లెస్ ఉంది, ఇది దేనికని కొందరనవచ్చు. అవి ఉండవలసినవే. కాని అవి లంక గ్రామంలోని ప్రతి గడపకూ రావు. ఊరి మనిషే ఊరి కబురు చెప్పగలిగితే, పడవ ఏ రేవుకు రావాలో, మందులు ఎందరికి కావాలో గంటల్లో తెలుస్తుంది.

1977లో కబురు అందక పోయిన ప్రాణాలెన్నో ఎవరూ లెక్కగట్టలేరు. నాడు మనకు సాధనం లేదు, తెలియదు. నేడు ఉందని తెలుసు. తెలిసీ చేతులు ముడుచుకు కూర్చుంటే రేపటి పిల్లలకు ఏమని జవాబు చెబుతాం? జిల్లా అధికారులు వచ్చే తుపాను కాలానికి ముందే కదలాలి. ఊళ్లవారు కూడా తమ డాబా మీది మూడో తీగను తామే కాపాడుకోవాలి.