పార్కుకు నీళ్లెవరు పోస్తారు?

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా లేఅవుటు వేసేవారు 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. స్థలమైతే వస్తుంది, దాన్ని ఏటా తడిపే డబ్బు మాత్రం వెంట రాదు. 2016లో తిరుపతి స్మార్ట్ సిటీగా ఎంపికైంది. అలాంటి పథకాల సొమ్ము కట్టడానికే గాని కాపాడటానికి కాదు. మొక్క నాటి ఫొటో దిగితే సరిపోదు, రాయలసీమ ఎండల్లో మరీనూ. అందుకే ఆస్తి పన్నులో చిన్న వాటాను ఆ వార్డు పార్కులకే కట్టిపెట్టాలంటాను. ఇదేమీ వింత కాదు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టమే దీపాల పన్నును ఆస్తి పన్నులో భాగం చేసింది. కాలిఫోర్నియాలో వీధి చెట్లకు, దీపాలకు ఆస్తులపై ఏటా వసూలు చేసే చట్టం 1972 నుంచీ ఉంది. 1996 తర్వాత అక్కడ కొత్త వసూలుకు యజమానుల ఓటూ తప్పనిసరైంది.

ఇప్పటికే భారం మోయలేకున్నామంటారు. నిజమే, 2021 నుంచి పన్నును ఆస్తి విలువను బట్టి లెక్కిస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాకా ఉండొచ్చు. కాబట్టి కొత్త పన్ను వద్దు, ఆ పెరిగే మొత్తంలోంచే తీయాలి. ఇంటికింతని వేసిన చెత్త పన్ను ఎంత చేదైందో, 2024లో ఎలా ఎత్తేశారో చూశాం కదా. అసలు గట్టి అభ్యంతరం వేరు. ఆస్తి పన్ను మీద గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు వసూలవుతున్నా గ్రంథాలయ సంస్థలకు సరిగా జమకాదన్నది పాత ఫిర్యాదే. పార్కు పైసలకూ అదే గతి పట్టదా? పట్టకూడదంటే వార్డుకో విడి ఖాతా ఉండాలి, జమాఖర్చులు పార్కు గేటుకే రాసిపెట్టాలి. విలువ తక్కువైన పేటలు ఎండిపోకుండా కొంత భాగం ఉమ్మడి నిధికి వెళ్లాలి.