డార్విన్ సభలూ – దశావతారాలూ

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్ జి. నాగేశ్వరరావుగారు ఒక విశేషం సెలవిచ్చారు. డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాల సిద్ధాంతం మెరుగైనదట! కౌరవులు టెస్ట్‌ట్యూబు శిశువులట! రావణుడికి ఇరవైనాలుగు రకాల విమానాలుండేవట! ఆ మాటలతో తమకు సంబంధం లేదని నిర్వాహకులు చేతులు దులుపుకున్నారు. కథ అంతటితో ముగిసిందని మనవాళ్లు చాలామంది అనుకున్నారు. ముగియలేదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామాన్ని తీసివేసింది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులూ ఉపాధ్యాయులూ సంతకాలు చేసి వద్దన్నా వినలేదు.

పుస్తకం నుండి వెళ్లగొట్టిన పాఠానికి యిక మిగిలిన చోటు మన విద్యార్థి సభలే. ఆ సభలు ఎట్లా వున్నాయి? ఫిబ్రవరి 12న డార్విన్ పటానికి దండ, ముగ్గురి ఉపన్యాసాలు, క్విజ్ బహుమతులు, వందన సమర్పణ. పక్క వీధి హరికథకూ దీనికీ పటంలో గడ్డం తప్ప తేడా ఏమిటి? అక్కడా వినటమే, యిక్కడా వినటమే!

ఆళ్లగడ్డకు అహోబిలం దగ్గరే. అందుచేత అక్కడ దశావతారాల వాదం తేలిగ్గా చెల్లుతుంది. చేప, తాబేలు, పంది, సగం మృగం సగం మనిషి, పొట్టివాడు, ఆపైన నిండు మనిషి – వరస సరిపోయిందా లేదా? అని అడుగుతారు. మన ఉపన్యాసకులు దీనికి జవాబు చెప్పక 'మూఢనమ్మకం' అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అది చాలదు. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. అవతారాలలో పరిణామం వున్నదన్న వ్యాఖ్యానం మేడం బ్లవట్‌స్కీ 1877లో రాసిన గ్రంథంలో కనిపిస్తుంది. డార్విన్ చెప్పిన తర్వాత పురాణానికి అతికిన అర్థమే యిది! డార్విన్‌కు ముందు యిన్ని శతాబ్దాలలో ఏ పండితుడికీ మత్స్యావతారంలో మన పూర్వీకుడు కనపడలేదే?

అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి వున్నది. పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు చీలే చెట్టు. కుందూ నదిలో యివాళ ఈదుతున్న చేప మనకు తాత కాదు, దూరపు దాయాది. మనం ఎంతకాలం మారుతూ వచ్చామో అదీ అంతకాలమూ మారుతూ వచ్చింది. సింహానికీ మనిషికీ నడుమ సగం-సగం జంతువు ఏ యుగంలోనూ లేదు. నరసింహుణ్ణి నరసింహుడిగా వుండనివ్వండి. చెంచులు ఆయన్ని తమ అల్లుడంటారు. కొండ జనానికీ గుడికీ బంధుత్వం ఎట్లా కలిసిందో ఆ కథలో వెతికితే నిజమైన చరిత్ర దొరుకుతుంది. దాన్ని జంతుశాస్త్రం చేయబోతే శాస్త్రమూ పోతుంది, కథా పోతుంది.

అన్నట్టు నంద్యాలకు మరో నరసింహుడున్నాడు. అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం విడుదల చేసిన ఒక పత్తి రకం పేరు నరసింహ. వేల మొక్కల్లోంచి ఏరి, సంకరపరచి, మళ్లీ ఏరి తయారు చేసింది. డార్విన్ తన పుస్తకం మొదటి అధ్యాయంలో పావురాల పెంపకందార్లను గురించి రాసినదీ యీ ఏరికే!

ఆ పత్తిచేలోనే రెండో పాఠం వున్నది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి యిచ్చారు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు ఆ విషానికి తట్టుకున్నదని తేలింది. తర్వాత రెండు జన్యువులున్న విత్తనానికీ తట్టుకున్నది. ఏ పురుగూ పట్టుబట్టి విషం అలవాటు చేసుకోలేదు. కోట్ల పురుగుల్లో పుట్టుకతోనే తట్టుకోగల కొద్ది బతికి పిల్లల్ని కన్నాయి, మిగిలినవి చచ్చాయి. బీటీ కాని పత్తి చాళ్లు చుట్టూ వేయమన్నది యిందుకే. విషం తగలని పురుగులు అక్కడ పెరిగి, తట్టుకున్న వాటితో జతకడితే ఆ గుణం త్వరగా పాకదని. ఐతే విత్తనాల సంచిలో పెట్టిన ఆ చిన్న పొట్లం ఎందుకో రైతుకు విడమరచి చెప్పిందెవరు? కంపెనీ అమ్ముకుని పోయింది. అప్పు రైతు మెడకు చుట్టుకున్నది. పరిణామం అక్కరలేని పాఠమనేవాళ్లను ఆ రైతు ముందు నిలబెట్టి మళ్లీ అనమనాలి.

యిక బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలోని జ్వాలాపురం. సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 సంవత్సరాల క్రితం బద్దలై చిమ్మిన బూడిద యిక్కడ పొరగా పడివున్నది. ఆ పొర కిందా పైనా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో ప్రకటించారు. పనిముట్ల తీరు పెద్దగా మారలేదు కనుక అక్కడివారు ఆ ఉత్పాతాన్ని తట్టుకు బతికారనీ, వారు మన జాతి మనుషులేననీ వారి వాదం. కాదు, మన జాతి యిక్కడికి వచ్చింది ఆ తర్వాతనే అని మరికొందరు. ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు గనుక తగువు తెగలేదు. విద్యార్థుల ముందు పెట్టవలసింది యిటువంటి తెగని తగువునే. ఏ సాక్ష్యం దొరికితే ఏ పక్షం ఓడుతుందో వాళ్లనే చెప్పనివ్వండి. మార్కులకు రాసే జవాబు కాదది.

ఆ బూడిద అంట్లు తోమే పొడికి పనికివస్తుందని ఏళ్ల తరబడి తవ్వి అమ్మారు. శాస్త్రజ్ఞులకు పొరలు కనపడటానికి ఆ గోతులూ తోడ్పడ్డాయి. అవే గోతుల్లో పొరలు హరించుకుపోయాయి కూడాను. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీలలో జంతుశాస్త్రం చదివేవాళ్లలో ఎందరు ఆ గోతిలోకి దిగి చూశారు? విద్యార్థి సంఘాల మిత్రులారా, వచ్చే ఫిబ్రవరి 12 సభను ఆ గోతి అంచున పెట్టండి. వక్తకు బస్సు చార్జీ యిస్తే చాలు, దండ అక్కరలేదు. పలుగూ పారా తేవద్దు. చూసిన రాయిని చూసినచోటే వదిలిపెట్టి, ఏ పొరలో వున్నదో మాత్రం నోటుపుస్తకంలో రాసుకోండి.